పెరటి తోట ఫైలు
(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా గారి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్లనే మనం ఈ రోజున ఇక్కడ కూర్చుంటున్నాం. ఆ తీర్పు గురించి నాకంటే ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. డి.ఏ. సంగతి కార్యదర్శి గారు చెబుతారు. నాకు ఇచ్చిన అంశం వేరు. "మీ పెరటి తోట గురించి నాలుగు మాటలు చెప్పండి, సభ కొంచెం తేలిక పడుతుంది" అన్నారు. నేను వ్యవసాయ శాఖలో పని చేసినవాణ్ని కాను. ముప్పై ఆరేళ్లు కాగితాలు చూసిన గుమాస్తాను. కనుక నా తోట గురించి కూడా గుమాస్తా లాగానే చెబుతాను, పెద్దలు మన్నించాలి.

సర్వీసంతా అద్దె ఇండ్లలోనే గడిచింది. దేవరకొండ, మిర్యాలగూడ, నల్లగొండ, చివరకు సూపరింటెండెంటుగా మహబూబ్‌నగర్. అద్దె ఇంట్లో చెట్టు పెడితే ఏమవుతుందో మీ అందరికీ తెలుసు. అది కాతకు వచ్చేనాటికి మనకు బదిలీ ఆర్డరు వస్తుంది, కాయ తినేది మన తర్వాత దిగినవారు. 2007 జూన్ 30న యాభై ఎనిమిదేండ్లు నిండి రిటైరయ్యాను. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బులు కలిపి నల్లగొండ శివారులో మూడు వందల గజాల జాగాలో ఇల్లు కట్టుకున్నాం. ఇల్లు పోగా నూట అరవై గజాలు మిగిలింది. ఆ నూట అరవై గజాల కథే ఇది.

అందులో గడ్డపార దిగలేదు. పైన ఇటుక ముక్కలు, సిమెంటు గడ్డలు, కంకర. కింద జానెడు ఎర్ర చల్క. దాని కింద మొరం. తవ్వడానికి వచ్చిన మనిషి రెండు పోట్లు వేసి, గడ్డపార పక్కన పెట్టి, "సారూ, గిది పెరడు గాదు, రోడ్డు" అన్నాడు. మా ఇంటామె పుట్టిల్లు బాలానగర్ దిక్కు. పాలమూరు గుట్టల్లో పెరిగిన మనిషి, రాళ్లకు భయపడదు. "రాళ్లల్ల సీతాఫలాలు కాయంగ జూడలేదా, గిదెంత" అన్నది. ఆమెకు మాత్రం ఆ వానాకాలానికే బెండకాయ, వంకాయ కావాలి. నాకేమో ముందు నీళ్లు, తర్వాత మన్ను, తర్వాత నీడ, ఆఖరుకు కాయ. ఈ వరుస మీదనే మా ఇంట్లో మూడేండ్లు వాదన నడిచింది.

నేనొక రిజిస్టరు తెరిచాను. ఆఫీసులో పర్సనల్ రిజిస్టరు రాసినట్టే. తేదీ, విషయం, తీసుకున్న చర్య, పెండింగు. నవ్వకండి, ఇప్పటికి అది మూడో రిజిస్టరు. ఎప్పుడు ఏం నాటాము, ఎప్పుడు మొలిచింది, ఎప్పుడు పోయింది అన్నీ ఉన్నాయి. ఇందులో ఒక చిన్న లాభం ఉంది. మనిషికి తోటలో ఏమీ జరగడం లేదనిపించినప్పుడు పాత పేజీలు తిప్పితే, జరిగింది కనబడుతుంది.

మొదటి ఏడు నీళ్ల లెక్క. మన వైపు వాన ఏడాదికి ఏడు వందల మిల్లీమీటర్లు వేసుకున్నా, వెయ్యి చదరపు అడుగుల డాబా మీద అరవై అయిదు వేల లీటర్లు పడుతుంది. అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు పదమూడు. ఇవన్నీ పైపులో నుంచి మోరీలోకి పోతున్నాయి. 2000 సంవత్సరంలో 'నీరు-మీరు' కార్యక్రమం వచ్చినప్పుడు ఇంకుడు గుంతల గురించి ఎన్ని సర్క్యులర్లు పంపించామో! పంపించినవాళ్లం మనమే కదా, ఒకటి మన ఇంట్లో కూడా ఉండాలని డాబా నీళ్లకు ఆరడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు గుంత తవ్వించాను. అడుగున పెద్ద రాళ్లు, మధ్యన కంకర, పైన దొడ్డు ఇసుక. ఆ ఏడాదికి నా తోట అంటే అదే. చుట్టాలు వచ్చి "తోట యాడుంది బావా?" అంటే ఆ గుంత చూపించేవాణ్ని.

నీళ్ల మీద ఇంత పట్టుదల ఎందుకంటే, మన నల్లగొండ బోరు నీళ్లు ఎట్లాంటివో ఇక్కడ కూర్చున్నవారి మోకాళ్లను అడిగితే చెబుతాయి. మన గ్రానైటు రాళ్లల్లోనే ఫ్లోరైడు ఉంది. నీళ్లు రాతి పొరల్లో ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత ఎక్కువ కరుగుతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తీసే పద్ధతిని నాగపూరులోని నీరి సంస్థ వారు కనిపెట్టి దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టారు. ఊరి పేరు ప్రపంచ పుస్తకాలలోకి ఎక్కింది ఇట్లా. సంతోషించాలో దుఃఖించాలో తెలియదు.

1996 లోక్‌సభ ఎన్నికలు మనలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటాయి. జలసాధన సమితి పిలుపు మీద నీళ్ల కోసం జనం నామినేషన్లు వేస్తే, నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. బ్యాలెట్ పత్రం కాగితం లాగా కాదు, పుస్తకం లాగా అయింది. పోలింగే వాయిదా వేయవలసి వచ్చింది. ఆ ఎన్నికల డ్యూటీ చేసినవాళ్లలో నేనూ ఒకణ్ని. గుర్తు వెతుక్కోలేక ముసలివాళ్లు పడ్డ అవస్థ చూశాను. ఆ తర్వాతనే దేశమంతటా లోక్‌సభ డిపాజిట్టు అయిదు వందల నుంచి పది వేలకు పెంచారు. కృష్ణా నీళ్లు మన పానగల్లు ఉదయ సముద్రానికి వచ్చినా, మిషన్ భగీరథ నల్లాలు ఇండ్లకు చేరినా, వెనక ఇంత ఉంది. ఆ సమితిని నడిపించిన దుశర్ల సత్యనారాయణ గారు బ్యాంకు ఉద్యోగం వదులుకున్న మనిషి. ఇప్పటి సూర్యాపేట జిల్లా మోతె మండలం రాఘవాపురంలో తన తాతముత్తాతల భూమి డెబ్బై ఎకరాలను అడవిగా పెంచారు. ఏండ్ల తరబడి విత్తనాలు వేసుకుంటూ పోవడమే, కొమ్మ నరకడం లేదు, కాయ అమ్మడం లేదు. పిట్టలకు, జంతువులకు వదిలిపెట్టారు. నాకు అంత వైరాగ్యం లేదు. నా చెట్టు కాయ నేనే తినాలని ఉంటుంది.

మా బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే ఫ్లోరైడు మూడుకు పైనే వచ్చింది. తాగే నీళ్లలో ఒకటిన్నర దాటరాదు. తాగడం మానుకోవచ్చు, చెట్లకు ఏం పోయాలి? ఇట్లాంటి నీళ్లలో సాధారణంగా సోడియం, బైకార్బోనేటు ఎక్కువ, కాల్షియం తక్కువ. పోసుకుంటూ పోతే నేల మీద తెల్లగా పొర కడుతుంది, మన్ను ఎండితే పెంకులాగా బిగుసుకుంటుంది, ఆకులు పసుపు పచ్చగా మారతాయి. అందుకని వాన నీళ్లు నేలలోకి దింపడం నాకు అన్నిటికంటే ముందు పని అయింది.

రెండో ఏడు, మూడో ఏడు జనుము చల్లాను. మృగశిర వానలకు చల్లి, నలభై అయిదు రోజులకు పూత మొదలు కాగానే కోసి అక్కడనే మన్నులో కలపడం. 2008లో ఒకసారి, 2009లో ఒకసారి. పచ్చగా నడుమెత్తు పెరిగిన పైరును నేను కొడవలితో కోసి తొక్కేస్తుంటే వాడకట్టు వాళ్లు గోడ మీద నుంచి చూసేవారు. "సారు గడ్డి పెంచుతడు, గడ్డిని పాతిపెడతడు, రిటైరైనంక గిట్లనే ఉంటదేమో" అని మా ఇంటామెతో అన్నారట. ఆమె కూడా వాళ్ల దిక్కే. చివరకు రాజీ కుదిరింది. బట్టల బండ కాడి నీళ్లు, వంటింటి నీళ్లు పోయే మూల ఆమెకు ఇచ్చేశాను. అక్కడ అరటి, చేమగడ్డ, బచ్చలి, రెండు చాళ్లు గోంగూర. నా మూడేండ్ల తపస్సు కంటే ఆమె మూలనే ముందు కూరకు వచ్చింది. ఆ మాట ఈ రోజుకూ వింటూ ఉన్నాను.

ఎండిన వేపాకు, కానుగాకు ఎవరి వాకిట్లో ఊడ్చినా నాకే. సంచులలో తెచ్చి గుంతలో వేసి, పైన పేడ నీళ్లు చల్లి ఏడాది వదిలిపెడితే నల్లగా పొడి అవుతుంది. పది సంచుల ఆకు ఒక సంచి ఎరువు కూడా కాదు. మొదట్లో ఈ లెక్క చూసి నాకే విసుగు వచ్చేది.

2010లో పడమటి దిక్కున కానుగ, వేప పెట్టాను, వేసవి వడగాలి ఆగడానికి. కంచె పొడుగునా గోరింట. మునగ కొమ్మ ఒకటి, కరివేపాకు పిలక ఒకటి. చిన్న మొక్కల కాడ మెడ దాకా కుండలు పాతి, అడుగున సన్న బెజ్జం చేసి గుడ్డ ఒత్తి పెట్టి నీళ్లు నింపేవాళ్లం. ఒకసారి నింపితే మూడు నాలుగు రోజులు వేరు కాడ తడి ఉంటుంది. బిందెలతో పోసే నీళ్లలో సగం ఎండకే పోతాయి. నడుము నొప్పి ఉన్నవారు ఈ కుండల పద్ధతి చేసి చూడండి, చాలా హాయి.

2012లో బత్తాయి అంట్లు రెండు పెట్టాను. నల్లగొండలో ఇల్లుండి బత్తాయి లేకపోతే ఎట్లా? సాత్‌గుడి రకం. నాలుగైదేండ్లకు కాపు రావాలి. రెండేండ్లు బాగానే పెరిగి, 2014 వేసవిలో కొత్త ఆకులన్నీ ఈనెలు మాత్రమే పచ్చగా, మిగతాది పసుపుగా మారాయి. ఆ రెండు వేసవులు వానలు సరిగా లేక బోరు నీళ్లే దిక్కయ్యాయి మరి. మందుల దుకాణం అతను నాలుగు రకాల సీసాలు ఇస్తానన్నాడు. నేను ఒక బస్తా జిప్సం తెచ్చి, పాదుల్లో కలిపి, వానాకాలమంతా డాబా నీళ్లు అటు మళ్లించాను. జిప్సంలో కాల్షియం ఉంటుంది, సోడియాన్ని మన్నులో నుంచి నెడుతుంది, వాన నీళ్లు దాన్ని కిందికి తీసుకుపోతాయి. అది ఒక్క వానకు అయ్యే పని కాదు. ఆకు రంగు తిరగడానికి రెండేండ్లు పట్టింది. 2018లో ఏడు కాయలు కాశాయి. రిజిస్టరులో రాశాను, "కాయలు ఏడు, పులుపు".

మధ్యలో 2015లో మిషన్ కాకతీయ మొదలై చెరువుల పూడిక తీస్తుంటే, రెండు ట్రాక్టర్ల ఒండ్రు మన్ను తోలించుకున్నాను. దున్నేవాళ్లకు ఇది కొత్త కాదు, మన తాతలు ఎండాకాలం బండ్లతో చల్కలకు చెరువు మన్ను తోలేవారు. నల్ల మన్ను తెచ్చి అట్లాగే పరిస్తే బండలాగా ఆరుతుంది. కుప్పగా పోసి ఒక వేసవి ఎండనిచ్చి, చితికిన తర్వాత మూడు పాళ్ల చల్కకు ఒక పాలు కలిపాము. ఆ ఏడాదే మొదటిసారి పార వేస్తే టంగున మోగలేదు.

2017లో మా పెద్దబ్బాయి హైదరాబాదు నుంచి వచ్చి, "నాయినా, ముందట జాగాల రెండు మడిగెలు ఏస్తే కిరాయి వస్తది, ఎనుక టైల్సు పరిపిస్తే కారు పెట్టుకోవచ్చు, అమ్మకు నడవనీకె సాపుగ ఉంటది" అన్నాడు. వాడు చెప్పినదాంట్లో తప్పేం లేదు. ధర ఉన్న జాగా. మా ఇంటామె అప్పటికే రెండుసార్లు తడి మన్నులో జారింది. వాడు ఇంజనీరు చేత కాగితం మీద గీయించి తెచ్చాడు. నేను ఆ కాగితం తీసుకుని, "పరిశీలనలో ఉన్నది" అని చెప్పాను. మన ఆఫీసుల్లో ఆ మాటకు అర్థం మీకు తెలుసు. అయితే తలుపు నుంచి తులసికోట దాకా నడిచే దారికి మాత్రం బండలు పరిపించాను, చేతితో పట్టుకోవడానికి పైపు పెట్టించాను.

ఆ డిసెంబరులోనే మహబూబ్‌నగర్ పిల్లలమర్రి పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడింది. నేను అక్కడ పని చేసినన్ని రోజులు ఆదివారం సాయంత్రాలు దాని కిందనే కూర్చునేవాణ్ని. ఏడు వందల ఏండ్ల చెట్టు అంటారు, మూడు ఎకరాల మేర పరుచుకున్నది. చెదలు లోపల తిన్నాయి. 2018లో మనిషికి సెలైను ఎక్కించినట్టు సీసాలు కట్టి, నీళ్లలో కలిపిన చెదల మందును చుక్క చుక్కగా ఎక్కించారు. వాలిన కొమ్మలకు ఆధారంగా గోడలు కట్టారు. పేపరులో ఆ ఫోటో చూసి మా ఇంటామె, "చెట్టుకు గూడ పెన్షనర్ల తిప్పలే వచ్చినయ్" అన్నది.

2019లో నాకు డెబ్బై నిండాయి. ఆ వానాకాలం బాలానగర్ సీతాఫలం గింజలు, కొల్లాపూరు నుంచి తెచ్చిన బేనిషాన్ మామిడి అంటు ఒకటి పెట్టాను. పక్కింటాయన మంచివాడే, కాని మనసులో మాట దాచుకోడు. "డెబ్బై ఏండ్లకు మామిడి చెట్టా సారూ, తినేదెవరు?" అన్నాడు. నేను ఆయనకు మన ఫైళ్ల డిస్పోజల్ సంగతి చెప్పాను. ఎల్.డిస్. అంటే ఏడాదికి చింపేసేది, డి.డిస్. పదేండ్లు ఉంచేది, ఆర్.డిస్. శాశ్వతంగా రికార్డు రూములో ఉండేది. కొత్తిమీర ఎల్.డిస్., మునగ డి.డిస్., మామిడి ఆర్.డిస్. ఫైలు మూసిన గుమాస్తా ఎవరని రికార్డు రూములో ఎవరూ అడగరు, కాగితం దొరికిందా లేదా అంతే. ఆయనకు ఎంత అర్థమయిందో గాని, మరుసటి ఏడు తన గేటు కాడ కూడా ఒక మామిడి పెట్టుకున్నాడు.

ఇక 2021 సంగతి. చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. కరోనా రెండో విడతలో, ఏప్రిల్ మూడో వారంలో ఇద్దరం పడిపోయాం. పిల్లలు హైదరాబాదు తీసుకుపోయారు. నాకు పన్నెండు రోజులకు తగ్గింది. మా ఇంటామె ఆక్సిజను మీద ఇరవై రోజులు ఉన్నది. ఆ రెండు నెలల్లో మన సంఘం పోగొట్టుకున్నవారి ఫోటోలు ఆ గోడ మీద ఉన్నాయి. అందులో ఇద్దరు నాకు కరివేపాకు పిలకలకోసం వస్తూ పోతూ ఉండేవారు. పక్కింటివాళ్లు కూడా జ్వరాలతో పడి ఉన్నారు, చెట్లకు నీళ్లు పోయమని ఎవరిని అడుగుతాం? అడగాలని అనిపించలేదు కూడా. యాభై రెండు రోజులు తాళం. రోహిణి కార్తె ఎండలన్నీ అందులోనే పోయాయి. మధ్యలో రెండు జల్లులు పడ్డాయట.

జూన్ రెండో వారంలో గేటు తీశాము. కుండీలలోని మల్లె, కనకాంబరం కట్టెలయ్యాయి. టమాట, వంగ ఆనవాలు లేవు. ఆమె మూలలో అరటి నేలకు ఒరిగింది. బత్తాయి రెండింటిలో ఒకటి పోయింది. కాని మునగ పచ్చగా ఉన్నది. కరివేపాకు ఆకు రాల్చి మళ్లీ చిగురు వేస్తున్నది. కానుగ నీడలో ఉన్న రెండో బత్తాయికి ఆకులు ముడుచుకున్నాయి గాని కొమ్మ గీరితే లోపల పచ్చ. రెండేండ్ల సీతాఫలం మొక్కలు నాలుగింటిలో మూడు బతికాయి, మామిడి బతికింది. నేను కూర్చుని ఎండుటాకుల పొర పక్కకు తీసి వేలు పెట్టి చూశాను. జానెడు లోతున మన్ను చల్లగా ఉన్నది. పద్నాలుగేండ్ల కింద గడ్డపార దిగని జాగా అది. మా ఇంటామె కుర్చీలో కూర్చుని, అప్పటికి గట్టిగా మాట్లాడే బలం లేదు, "నీ గడ్డి పనికొచ్చింది" అన్నది. ఆ మాట రిజిస్టరులో తేదీతో సహా రాసుకున్నాను.

ఆమె కోలుకోవడానికి మరో ఏడాదిన్నర పట్టింది. డాక్టరు రోజుకు కొంచెం కొంచెం నడక పెంచమన్నారు. తలుపు నుంచి తులసికోట దాకా, తర్వాత కరివేపాకు దాకా, తర్వాత మునగ దాకా. పైపు పట్టుకుని. చిక్కుడు పాదు కాడికి చేరిన రోజు తానే నాలుగు కాయలు తెంపుకుని వచ్చింది.

2022లో నా కమ్యుటేషన్‌కు పదిహేనేండ్లు నిండి కోత ఆగి పూర్తి పెన్షన్ వచ్చింది. 2023 దసరాకు సీతాఫలం మొదటి కాపు, పదకొండు కాయలు. బతుకమ్మకు కావలసిన గునుగు, బంతి మా పెరట్లోనే దొరికాయి, తంగేడు మాత్రం ఇంకా బయట నుంచే. మామిడి 2024లో పూసింది, గాలివానకు పూతంతా రాలింది. ఈ ఏడు పన్నెండు కాయలు. ఒకటి పక్కింటాయనకు ఇచ్చి, "తినేదెవరన్నావు గదా, నువ్వే" అన్నాను. మా పెద్దబ్బాయి కాగితం ఇంకా నా దగ్గరనే ఉంది. మొన్న దసరాకు వచ్చినప్పుడు ఆ ఊసు ఎత్తలేదు. మనుమరాలు మాత్రం బత్తాయి కిందనే చదువుకుంటానని చాప తెచ్చుకున్నది. ఆ ఫైలు పెండింగులోనే ఉంచాను.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. ఒక్క విషయం చెప్పి సెలవు తీసుకుంటాను. ఈ సీజను సీతాఫలం గింజలు కడిగి, నీడన ఆరబెట్టి, పొట్లాలు కట్టి తెచ్చాను. ఒక్కో పొట్లంలో పది. ఫలాహారం బల్ల కాడ మా ఇంటామె దగ్గర ఉన్నాయి, తలా ఒకటి తీసుకోండి. ఎండాకాలం చివరి దాకా పొడి డబ్బాలో దాచండి. వేసేముందు ఒక రోజు నీళ్లలో నానబెట్టి, సంచికి రెండు చొప్పున పెట్టండి. మొలవడానికి నెల పైన, ఒక్కోసారి రెండు నెలలు పడుతుంది. మధ్యలో తవ్వి చూడవద్దు. కరివేపాకు పిలకలు మాత్రం మృగశిర తర్వాతనే ఇస్తాను, వచ్చేటప్పుడు సంచి మీరే తెచ్చుకోవాలి.